ఉబుంటులో ఒకరి హోమ్ ఫోల్డర్ మరొకరికి తెరుచుకుంటోంది: 750 సరిపోతుందా, 700 పెట్టాలా?

గుణుపురంలోని మీ గ్రంథాలయంలో ఒక విద్యార్థి ఖాతాలోంచి మరొకరి ఫైళ్లు తెరుచుకుంటున్నాయని, ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను 22.04 వెర్షన్‌కు అప్‌గ్రేడ్ చేసిన తరువాత కూడా అలాగే ఉందని, హోమ్ మొత్తం మీద సీహెచ్‌మాడ్‌ను, అంటే అనుమతులు మార్చే కమాండ్‌ను, ‘-ఆర్ 700’తో (‘-ఆర్’ అంటే లోపలి ఫైళ్లన్నిటికీ కూడా) నడపమని ఎవరో సలహా ఇచ్చారని మీరు రాశారు. ఆ కమాండ్‌ను దయచేసి ఇప్పుడే నడపకండి. పర్లాకిమిడిలో నేను నడుపుతున్న ఆన్‌లైన్ సేవల కేంద్రంలో సరిగ్గా ఇదే లోపం బయటపడింది, దాన్ని సరిచేయడంలో నేను రెండుసార్లు పొరబడ్డాను, కనుక ఆ అనుభవాన్ని కొంత వివరంగానే రాస్తున్నాను.

మా కేంద్రానికి స్కాలర్‌షిప్ దరఖాస్తుల కోసం పట్టణంలోని పిల్లలతో పాటు ఒడిశా సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వైపు నుంచి కూడా విద్యార్థులు వస్తారు. తరచుగా వచ్చేవారికి ఒక్కొక్కరికి ఒక్కో ఖాతా ఇచ్చాను. ఒకనాటి సాయంత్రం ఒక డిగ్రీ విద్యార్థి నా దగ్గరకు వచ్చి, ‘మాస్టారూ, హోమ్‌లోకి వెళితే అందరి ఫోల్డర్లూ తెరుచుకుంటున్నాయండి’ అని చెప్పి చూపించాడు. అతని తెర మీద మరొక అమ్మాయి ఆధార్ స్కాన్, తండ్రిగారి బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, కుల ధ్రువపత్రం వరుసగా కనిపించాయి. ఆ కుర్రవాడు నిజాయతీగా చెప్పాడు గనుక నాకు తెలిసింది.

లోపానికి మూలం ఇది. ఉబుంటు చాలా ఏళ్ల పాటు హోమ్ డైరెక్టరీలను, అంటే ఒక్కో ఖాతా సొంత ఫోల్డర్లను, 755 అనుమతితో సృష్టించేది, అంటే ఆ కంప్యూటరులో ఖాతా ఉన్న ఎవరైనా లోపలికి వెళ్లి చదవగలిగేవారు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 21.04 నుంచి కొత్త ఖాతాలకు 750 ఇస్తున్నారు. అయితే ఆ మార్పు కొత్త ఖాతాలకే వర్తిస్తుంది, అప్‌గ్రేడ్ చేసినప్పుడు పాత ఖాతాల అనుమతులను వ్యవస్థ ముట్టుకోదు. నా ఖాతాలన్నీ 18.04 కాలం నాటివి. 22.04కు వచ్చేశాము కదా అని నేను నిశ్చింతగా ఉండడం నా మొదటి పొరపాటు, బహుశా మీ దగ్గర జరిగినదీ అదే.

రెండవ పొరపాటు ఇంకా ముఖ్యమైనది. పాత ఖాతాల మీద 750 పెట్టి, పని పూర్తయిందనుకుని, ఒక విద్యార్థి ఖాతాతో లాగిన్ అయి చూస్తే పక్కవారి ఫైళ్లు మునుపటిలాగే తెరుచుకున్నాయి. 750లో మొదటి అంకె యజమానికి, రెండవది గుంపుకు, మూడవది మిగిలిన వారికి చెందుతాయి. 7 అంటే చదవడం, రాయడం, నడపడం మూడూ, 5 అంటే చదవడం, నడపడం, 0 అంటే ఏ అనుమతీ లేదని. ఉబుంటు మామూలుగా ప్రతి వినియోగదారునికీ అతని పేరుతోనే ఒక సొంత గుంపును సృష్టిస్తుంది కనుక గుంపుకిచ్చిన 5 వల్ల ప్రమాదం ఉండదు. నేనేమో నిర్వహణ సులువవుతుందని విద్యార్థులందరినీ ఒకే ప్రధాన గుంపులో పెట్టి ఖాతాలు తెరిచాను. దానితో ఆ 5 అందరికీ తాళంచెవి అయింది. గ్రంథాలయాలలోనూ, శిక్షణ కేంద్రాలలోనూ ఖాతాలను తరచుగా ఇలాగే తెరుస్తారు కనుక, మీరు మొదట ‘ఐడీ’ కమాండ్‌కు ఒక విద్యార్థి ఖాతా పేరు ఇచ్చి ప్రధాన గుంపు ఏదో చూడండి. అది ఉమ్మడి గుంపయితే 750 చాలదు, 700 పెట్టాలి.

ఆ 700ను ‘-ఆర్’ లేకుండా, ప్రతి హోమ్ డైరెక్టరీ మీద మాత్రమే పెట్టండి. డైరెక్టరీకి చదివే అనుమతి అంటే లోపలి పేర్ల జాబితా చూడడం, నడిపే అనుమతి అంటే దాని గుండా లోపలికి వెళ్లడం. పై డైరెక్టరీ గుండా వెళ్లే దారి మూసుకుపోతే, లోపలి ఫైలు సొంత అనుమతి ఎంత ఉదారంగా ఉన్నా బయటివారు అక్కడిదాకా చేరలేరు. వీధి తలుపుకు గడియ వేసిన ఇంట్లో ప్రతి పెట్టెకూ తాళం వేయనక్కరలేదు. ‘-ఆర్’ పెడితే ప్రతి ఉత్తరం, ప్రతి ఫొటో కూడా నడిపించదగిన ప్రోగ్రాముగా గుర్తు పడుతుంది, ఇంతకుముందు ఏ ఫైలుకు ఏ అనుమతి ఉండేదో తెలుసుకునే దారి మిగలదు.

తరువాత, రేపు తెరవబోయే ఖాతాల కోసం ఈటీసీ డైరెక్టరీలోని లాగిన్ డాట్ డెఫ్స్ ఫైలులో హోమ్ మోడ్ విలువను, యాడ్‌యూజర్ డాట్ కాన్ఫ్ ఫైలులో డిర్ మోడ్ విలువను 0700గా మార్చండి. ఖాతాలు తెరిచే రెండు కమాండ్లలో యూజర్‌యాడ్ మొదటిదాన్ని, యాడ్‌యూజర్ రెండవదాన్ని చదువుతాయి కనుక రెండూ మార్చడం మంచిది.

మీ కంప్యూటర్లలో పాత విండోస్ భాగం, అంటే మనవాళ్లు డి డ్రైవ్ అనేది, ఇంకా ఉంటే దాన్ని వేరుగా చూడాలి. పిల్లలు చాలామంది ఫైళ్లను అలవాటుగా అక్కడే దాస్తారు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలోని భాగాన్ని ఉబుంటుకు సాధారణంగా జోడించే (మౌంట్ చేసే) తీరులో సీహెచ్‌మాడ్ పనిచేయదు, ఏ భాగాన్ని ఎలా జోడించాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో రాసిన యజమాని, గుంపు, యూమాస్క్ (తీసేయవలసిన అనుమతులు) విలువలే మొత్తం భాగానికి వర్తిస్తాయి. అక్కడ ఖాతాకొక అనుమతి ఇచ్చే ప్రయత్నం మాని, వారి ఫైళ్లను వారి వారి హోమ్‌లకు తరలించి, ఆ భాగాన్ని నిర్వాహకునికి మాత్రమే కనిపించేలా చేశాను.

ప్రింటు కోసం ఫైళ్లు ఇచ్చే ఉమ్మడి ఫోల్డర్‌కు నేను ఒకప్పుడు 777 పెట్టాను, అది తప్పు. ఫైలును చెరిపే హక్కు ఆ ఫైలు అనుమతిని బట్టి కాక, అది ఉన్న డైరెక్టరీలో రాసే అనుమతిని బట్టి వస్తుంది, కనుక 777లో ఎవరి కాగితాన్ని ఎవరైనా చెరిపేయగలరు. ఇప్పుడు ఆ ఫోల్డర్ యజమాని నేను, గుంపు విద్యార్థులది, అనుమతి 1730. ముందున్న 1 వల్ల ఒకరి ఫైలును మరొక విద్యార్థి చెరపలేడు, గుంపుకిచ్చిన 3లో రాసే, నడిపే అనుమతులే ఉన్నాయి, చదివేది లేదు. తపాలా పెట్టెలాగా, వారు అందులో ఫైలు వేయగలరు కానీ ఎవరెవరు ఏం వేశారో జాబితా చూడలేరు, ఇతరులవి చెరపలేరు. ఫైల్ మేనేజరులో ఆ ఫోల్డర్ తెరుచుకోదు కనుక, నకలు పంపే చిన్న స్క్రిప్టును డెస్క్‌టాప్ మీద ఉంచాను.

ఇవన్నీ చేసినా అప్‌డేట్లు ఆపిన యంత్రంలో ఫలితం ఉండదు. 2022 జనవరి 25న క్వాలిస్ అనే భద్రతా సంస్థ బయటపెట్టిన, లినక్స్‌లో అధికారాలను చూసే పోల్‌కిట్ లోపాన్నే చూడండి. పీకేఎగ్జెక్ అనే ప్రోగ్రాములో 2009 నుంచీ ఉన్న ఆ లోపం వల్ల సాధారణ ఖాతా ఉన్నవారు రూట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న ఖాతా, కాగలిగేవారు, రూట్‌కు 700 అడ్డం కాదు. అప్‌డేట్ చేయలేనివారు అప్పటికి దాన్ని ఎవరు నడిపినా యజమాని అధికారంతో నడిచేలా చేసే సెట్‌యూఐడీ బిట్‌ను తీసేసి, అనుమతిని 0755 చేసుకోవలసి వచ్చింది. మీ యంత్రాలలో ఒక్కటైనా 18.04లోనే ఉండిపోయిందేమో చూడండి, దాని సాధారణ మద్దతు 2023లోనే ముగిసింది.

చివరగా రెండు విద్యార్థి ఖాతాలతో స్వయంగా లాగిన్ అయి, ఒకదానిలోంచి మరొకదాన్ని తెరవడానికి ప్రయత్నించండి. నిర్వాహకుని ఖాతాలోంచి చూస్తే నిజం తెలియదు. అలాగే, ఏ ఫైలును ఎవరు చదివారో లినక్స్ మామూలుగా నమోదు చేయదు కనుక, ఇంతకాలం ఎవరూ చూడలేదని మీరు హామీ ఇవ్వలేరు. నేను ఆ అమ్మాయినీ, ఆమె తండ్రిగారినీ పిలిపించి, ఏ కాగితాలు ఎవరికి కనిపించే స్థితిలో ఉన్నాయో చెప్పి, బ్యాంకు ఖాతాను కొన్నాళ్లు గమనించుకోమన్నాను. మిగిలిన ఖాతాదారులకు కూడా ఆ వారంలోనే ఒక్కొక్కరికి చెప్పాను.