కచేరీలో ఫోను పైకెత్తవచ్చా?

సంగీత సందేహాలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మేము విశాఖపట్నంలో ఎం.వి.పి. కాలనీలో ఉంటాము. మా అమ్మాయి కొన్నేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటోంది. నగరంలో మంచి కచేరీ ఉందంటే ఇద్దరం తప్పక వెళతాము. ఇంటికి వచ్చాక తన సాధనకు పనికివస్తాయని రాగాలాపనలను, తనియావర్తనాలను (మృదంగం వంటి లయవాద్యాలు విడిగా వాయించే భాగాలను) ఫోనులో వీడియో తీస్తుంటాను. ఈ మధ్య ఒక సభలో వెనుక వరుసలో కూర్చున్న పెద్దాయన, "అమ్మా, ఆ ఫోను కాస్త దించండి, వేదిక కనబడడం లేదు" అన్నారు. దించాను కానీ మనసు చివుక్కుమంది. నేను తీసేది పిల్ల చదువు కోసమే కదా! ప్రేక్షకులు కచేరీని చిత్రీకరించడం చట్టరీత్యా తప్పా? తప్పు కాకపోయినా మానుకోవలసినదేనా?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: ముందుగా చట్టం సంగతి చూద్దాము. 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 1994లో సవరించినప్పుడు గాయకులకు, వాద్యకారులకు, నర్తకులకు తమ ప్రదర్శనపై ప్రత్యేకమైన హక్కు లభించింది. ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి 50 ఏళ్ల పాటు ఆ హక్కు వారికి ఉంటుంది. అయితే అదే చట్టంలోని 39వ సెక్షను, ఒక వ్యక్తి తన సొంత వినియోగానికి చేసుకున్న రికార్డింగును, నిజాయితీగా బోధన కోసమో పరిశోధన కోసమో మాత్రమే చేసిన రికార్డింగును ఆ హక్కుకు ఉల్లంఘనగా పరిగణించదు. కాబట్టి ఆ వీడియో మీ ఇంట్లో, మీ అమ్మాయి సాధనకే పరిమితమైనంత వరకు మీరు కళాకారుల హక్కుకు భంగం కలిగించినట్లు కాదు. దానిని యూట్యూబులో పెట్టిన క్షణం నుంచి పరిస్థితి మారిపోతుంది, ఎందుకంటే ప్రదర్శనను ప్రజలకు అందించే అధికారం కళాకారులది. త్యాగరాజ కృతికి కాపీరైటు ఎక్కడిదని కొందరు అడుగుతుంటారు. 1847లో సిద్ధి పొందిన ఆ మహానుభావుని కృతి అందరి సొత్తే, సందేహం లేదు. కానీ ఈ సాయంత్రం ఈ విద్వాంసురాలు ఆ కృతిని పాడిన తీరు మాత్రం ఆమెదే. ఇవి కాక, రికార్డింగు నిషిద్ధమని నిర్వాహకులు టికెట్టు మీద గానీ ప్రవేశద్వారం దగ్గర గానీ ప్రకటించి ఉంటే, ఆ షరతుకు ఒప్పుకొనే మనం లోపలికి వెళ్లినట్లు లెక్క.

మీ రెండవ ప్రశ్న నాకు ఇంతకంటె ముఖ్యమైనదిగా కనిపిస్తోంది. మన సంగీతంలో కచేరీకి ప్రాణం మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించి పాడడం, వాయించడం. ఆలాపనలో, నెరవులో (ఒకే పంక్తిని రకరకాలుగా విస్తరించడంలో), కల్పనస్వరంలో (అప్పటికప్పుడు అల్లే స్వరాలలో) విద్వాంసులు తాము ముందుగా నిర్ణయించుకోని చోటికి వెళ్లే సాహసం చేస్తారు. ఒక్కొక్కసారి సంచారం (రాగంలో స్వరాల నడక) కుదరదు, స్వరం అనుకున్న స్థానంలో నిలవదు, తాళం లెక్క ఒక అక్షరం అటూ ఇటూ అవుతుంది. ఒక్కొక్కసారి అలా రెండుసార్లు తడబడిన చోటనే, మూడవ ప్రయత్నంలో, అంతవరకు ఎవరూ వినని ప్రయోగం పుడుతుంది. సభలో కూర్చున్న రసికులు ఆ తడబాటును క్షమించి, ఆ ప్రయోగానికి తల ఊపుతారు. ఎదుట పది ఫోన్లు లేచి ఉన్నప్పుడు ఆ తడబాటు ఏళ్ల తరబడి నిలిచిపోతుందని, సందర్భం తెలియని వారు దానిని ముక్కగా కత్తిరించి చూస్తారని కళాకారులకు తెలుసు. అటువంటప్పుడు బాగా నలిగిన దారిలోనే క్షేమంగా నడిచి రావాలనిపించడం మానవ సహజం. అప్పుడు నష్టపోయేది మీ అమ్మాయి వంటి విద్యార్థులే, ఎందుకంటే వారు కచేరీకి వచ్చి నేర్చుకోవలసింది సరిగ్గా ఆ సాహసాన్నే.

ఈ బాధ మన దేశానికే పరిమితం కాదు. పోలండుకు చెందిన పియానో విద్వాంసుడు క్రిస్టియాన్ జిమెర్మన్ 2013 జూన్‌లో జర్మనీలోని ఎస్సెన్ నగరంలో వాయిస్తుండగా, ప్రేక్షకులలో ఒకరు ఫోనుతో చిత్రీకరించడం చూసి వేదిక దిగి వెళ్లిపోయారు. తిరిగి వచ్చాక, తాను వాయించినవి యూట్యూబులో ఇప్పటికే ఉన్నాయన్న కారణంతో తనకు ఎన్నో రికార్డింగు అవకాశాలు చేజారిపోయాయని సభకు వివరించారు.

ఇక అమ్మాయి సాధన విషయం. ఫోనులోని మైకు, దాని వెనుక పనిచేసే సాఫ్టువేరు ప్రధానంగా మనిషి మాటను స్పష్టంగా అందించడానికి తయారైనవి. అవి చిన్న ధ్వనిని తమంతట తాము పెంచుతాయి, పెద్ద ధ్వనిని తగ్గిస్తాయి, నిలకడగా వినిపించే సన్నని శబ్దాన్ని అనవసరమైన రొదగా భావించి తొలగించడానికి ప్రయత్నిస్తాయి. తంబురా శ్రుతికి ఏ గతి పడుతుందో ఊహించండి! వయొలిన్ విద్యార్థికి కమాను ఒత్తిడిలోని హెచ్చుతగ్గులే సగం పాఠం. ఆ హెచ్చుతగ్గులనే ఫోను చదును చేసేస్తుంది. పైగా మీ చెవి కూడా చిత్రీకరణకు కొంత మూల్యం చెల్లిస్తుంది. 2017లో సైకలాజికల్ సైన్స్ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, ఒక అనుభవం మధ్యలో తమకు నచ్చిన ఫోటోలు తీసుకున్న వారు చూసినదానిని మరింత బాగా గుర్తుంచుకున్నారు గానీ, విన్నదానిని తక్కువగా గుర్తుంచుకున్నారు. అది వీడియోల మీద జరిపిన పరిశోధన కాదు. అయినా చెవితో నేర్చుకొనే విద్యకు అది గట్టి హెచ్చరికేనని నేను నమ్ముతున్నాను.

ఇంత చెప్పినంత మాత్రాన రికార్డింగు అనేదే అపచారమని నా అభిప్రాయం కాదు. విజయనగరం సంగీత కళాశాలలో బోధించి, 1964లో కన్నుమూసిన వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కమాను ఎలా పలికేదో ఈనాటి పిల్లలకు తెలుస్తున్నది రికార్డుల వల్లనే. స్పూలు టేపుల మీద రసికులు భక్తితో దాచిపెట్టిన కచేరీలు కూడా మన సంగీత చరిత్రకు పెద్ద ఆస్తి. అందువల్ల మీకు నా సలహా ఇది. కచేరీకి ముందే నిర్వాహకుల ద్వారా గానీ, వీలైతే నేరుగా గానీ కళాకారులను అడగండి. పిల్ల వయొలిన్ నేర్చుకుంటోందని, ఒక ఆలాపనను ధ్వని రూపంలో మాత్రమే రికార్డు చేసుకుంటామని, ఎవరికీ పంపమని చెప్పండి. ఒప్పుకుంటే ఫోను తెర ఆర్పి ఒడిలో పెట్టుకోండి. ఒప్పుకోకపోతే వాదించవద్దు. ఇంటికి రాగానే అమ్మాయి చేత తనకు గుర్తున్న రెండు సంచారాలను వాయించి చూపమనండి. అవి తప్పుగా వచ్చినా మంచిదే, మరుసటి పాఠంలో గురువుగారిని ఏమి అడగాలో తనకు తెలుస్తుంది. ఆ పెద్దాయన మాటకు నొచ్చుకోకండి. చీకటి సభలో వెలిగే తెర వెనుక వరుసల చూపును వేదిక నుంచి లాగేస్తుంది, ఆయన మర్యాదగానే అడిగారు. కూచిపూడి ప్రదర్శనకు వెళ్లినప్పుడు మరింత జాగ్రత్త అవసరం. తరంగం అనే అంశంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడే నర్తకి కళ్లలో ఫ్లాషు వెలుగు పడడం ప్రమాదకరం.

ప్రశ్న: నేను ఇంజినీరింగు విద్యార్థిని. మైదానాల్లో, బీచ్‌లో జరిగే సినిమా సంగీత విభావరులకు వెళుతుంటాను. అక్కడ అందరూ వీడియోలు తీస్తారు, గాయకులే ఫోను లైట్లు వెలిగించమంటారు. డబ్బు పెట్టి టికెట్టు కొన్నవాడికి ఆ మాత్రం హక్కు లేదా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: టికెట్టు మీకు చోటు ఇస్తుంది, పాటను పంచే అధికారం ఇవ్వదు. అయితే సందర్భాన్ని బట్టి మర్యాద మారుతుందన్న మీ ఆలోచన సరైనదే. గాయకులు స్వయంగా ఫోన్లు ఎత్తమన్న ఆ కొద్ది నిమిషాలు వారు మీతో పంచుకుంటున్న ఆనందం, నిస్సంకోచంగా తీసుకోండి. ఇటువంటి విషయాల్లో కళాకారుల మాటే ప్రమాణం. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ సంగీత బృందం తమ కచేరీలను రికార్డు చేసుకొనే అభిమానుల కోసం 1984లో ప్రత్యేకంగా చోటు కేటాయించింది. ఇంగ్లండుకు చెందిన గాయని కేట్ బుష్ 2014లో లండన్ కచేరీలకు ముందు, తనకు ఎదురుగా కెమెరాలు కాక ప్రేక్షకులు కనబడాలని కోరుతూ, చిత్రీకరించవద్దని అభిమానులకు విజ్ఞప్తి చేశారు. రెండూ గౌరవించదగిన నిర్ణయాలే.

పాట మొత్తాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేయడం మాత్రం మానుకోండి. సినిమా పాటలో సంగీత దర్శకులకు, గీత రచయితకు, సాధారణంగా ఒక ఆడియో సంస్థకు కూడా హక్కులు ఉంటాయి. ఆచరణలో మరో సంగతి కూడా గమనించండి. పెద్ద స్పీకర్ల ముందు ఫోను మైకు తట్టుకోగల హద్దు దాటి ధ్వని చిట్లిపోతుంది. ఆర్కే బీచ్‌లో అయితే సముద్రపు గాలి నేరుగా మైకుకు తగిలి పాటను మించిన హోరును నింపుతుంది. అంత కష్టపడి తీసినది రెండవసారి చూడబుద్ధి కాదు. ఒక్క పల్లవిని, ఛాతీ ఎత్తు దాటకుండా పట్టుకుని తీసుకుంటే జ్ఞాపకానికి చాలు. మీ వెనుక పొట్టివారు ఉంటారు, పిల్లలు ఉంటారు, వారు కూడా మీలాగే టికెట్టు కొన్నారు.

ప్రశ్న: మా నాన్నగారు దశాబ్దాల పాటు నగరంలోని కచేరీలకు వెళ్లిన రసికులు. ఇప్పుడు మంచం దిగలేరు. నేను సభలో కూర్చుని వీడియో కాల్‌లో ఆయనకు కచేరీ వినిపిస్తే తప్పు పడతారా?
– ఒక కుమారుడు, విశాఖపట్నం

జవాబు: తప్పు పట్టే ముందు ఏ కళాకారుడైనా మీ నాన్నగారి గురించి వినాలనే కోరుకుంటారు. అందుకే చాటుగా కాకుండా చెప్పి చేయండి. ఒకటి రెండు రోజుల ముందే నిర్వాహకులను కలిసి పరిస్థితి వివరించి, వారి అనుమతితో ఒక పక్క చివరి కుర్చీలో కూర్చోండి. వీడియో కాల్‌లో ధ్వని తెగి తెగి వస్తుంది, తెర వెలుగుతూనే ఉంటుంది. కాబట్టి వీడియో లేకుండా మాట మాత్రం వినిపించే కాల్ మేలు, అందులో మీ నాన్నగారి వైపు మైకు ఆపి ఉంచమని ఇంట్లోవారికి చెప్పండి. దీనికంటె మంచి మార్గం మరొకటి ఉంది. సభలో ధ్వనిని నియంత్రించే మిక్సరు నుంచి నేరుగా రికార్డింగు తీసుకొనే వీలు చాలాచోట్ల ఉంటుంది. కళాకారులు సమ్మతిస్తే ఆ ప్రతిని మీ నాన్నగారి కోసం అడగండి. తంబురా శ్రుతి మొదలుకొని మంగళం వరకు ఆయన తీరికగా, మంచి హెడ్‌ఫోన్లలో వినగలుగుతారు. ఆ ప్రతిని బంధువులకు పంపమని ఎవరైనా అడిగితే, మళ్లీ కళాకారులను అడిగిన తరువాతే పంపండి.