పైన నాలుగు పూలు, కింద ఖాళీ కొమ్మలు: తీగ గులాబీని ఏం చేయాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది: ఇంటి తోటలో గోడ పక్కన గులాబీ రంగు పూల తీగ గులాబీని నాటి మూడేళ్లయింది, కొమ్మలు గోడ ఎత్తు దాటిపోయాయి, పూలు మాత్రం చిటారున నాలుగైదు తప్ప లేవు, కింది భాగమంతా ఆకు కూడా లేకుండా బోడిగా ఉంది, సగానికి కత్తిరిస్తే గుబురుగా పెరిగి బాగా పూస్తుందా? దయచేసి ఆ పని చేయకండి. ఆ పొరపాటును నేను వరుసగా రెండేళ్లు చేశాను కనుక ఈ జవాబు కాస్త పెద్దదైనా వివరంగానే రాస్తున్నాను.

మా తోటలో ఉన్నది ‘న్యూ డాన్’ అనే రకం. మొగ్గగా ఉన్నప్పుడు లేత గులాబీ రంగులో ఉండి, విచ్చుకున్నాక ఎండకు వెలిసి దాదాపు తెల్లబడే పువ్వు అది. మొక్కను మా అత్తగారు నాటారు, పెత్తనం మాత్రం నేను తీసుకున్నాను. పొద గులాబీలకు చేసే అలవాటు ప్రకారం, ఏటా మొక్క ఎదుగుదల మందగించిన కాలంలో దీన్ని కూడా మోకాలెత్తుకు కత్తిరించేదాన్ని. అలా కత్తిరించినప్పుడల్లా మొదలు దగ్గర నుంచి బొటనవేలి లావు కొమ్మలు నాలుగైదు బాణాల్లా నిటారుగా లేచి, నిగనిగలాడే ఆకులతో కన్నుల పండువగా ఉండేవి, పూలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తీగ గులాబీ ఒక ఏడు పొడవాటి కొమ్మను పెంచుకుంటుంది, మరుసటి ఏడు ఆ కొమ్మ కణుపుల నుంచి జానెడు పక్క రెమ్మలు వేసి, ప్రధానంగా వాటి కొసల మీద పూస్తుంది. అంటే నేను ఏటా కత్తిరించి పారేసింది మరుసటి ఏటి పూతనే.

మూడో ఏడు మా అత్తగారు కత్తెర దాచేశారు. ఆవిడ గులాబీల గురించి ప్రత్యేకంగా చదువుకున్నది ఏమీ లేదు, పాదు తీగలను పందిరి మీద అడ్డంగా పాకించినట్టే దీన్నీ పాకించి చూస్తే పోయేదేముంది అన్నది ఆవిడ వాదన. ఆ వాదనే నిజమని తేలింది. నిటారుగా నిలబడిన కొమ్మ కొసన ఉండే చిగురులో ఆక్సిన్ అనే హార్మోను తయారై కిందికి దిగుతూ, కింది కణుపుల్లోని మొగ్గలను నిద్రలోనే ఉంచుతుంది. వృక్షశాస్త్రంలో దీన్ని అగ్రాధిక్యత అంటారు. కొమ్మను అడ్డంగా వంచి కట్టినప్పుడు ఆ పట్టు సడలి, కొమ్మ పొడవునా కణుపు కణుపునా మొగ్గలు మేల్కొంటాయి. మీ మొక్క చిటారున మాత్రమే పూయడానికి, కింద బోడిగా ఉండడానికి కారణం ఇదే. సగానికి కత్తిరిస్తే కొత్త కొస తయారై, అది మళ్లీ నిటారుగా లేచి, అదే కథ మొదలవుతుంది.

మేము నాలుగు కొమ్మలను వంచి కట్టి, ఒకదాన్ని మాత్రం పోలిక కోసం అలాగే నిలువుగా వదిలేశాము. మూడు వారాలు తిరిగేసరికి వంచిన కొమ్మల మీద ప్రతి ఆకు మొదట్లోనూ ఎర్రటి గోరంత చిగురు పొడుచుకొచ్చింది. రెండు మీటర్ల పొడవున్న ఒక కొమ్మ మీద పదిహేడు పక్క రెమ్మలు లెక్కపెట్టాను. నిలువుగా వదిలేసిన కొమ్మ మీద, కొసన మూడే.

వంచడంలో తొందర పనికిరాదు. లేత కొమ్మలు మాట వింటాయి, ముదిరి బూడిద రంగు బెరడు కట్టినవి వినవు. అందరికంటే లావుగా ఉన్న కొమ్మను ఒకే రోజు పూర్తిగా పడుకోబెట్టబోయి, మొదలుకు మూరెడు ఎత్తున చిటుక్కుమనిపించాను. చీలిక సగం వరకే వెళ్లింది కనుక దాన్ని దగ్గరకు చేర్చి, నూలు గుడ్డతో గట్టిగా చుట్టి కట్టగా అదృష్టవశాత్తు బతికింది, ఆ చోట ఇప్పటికీ మోచిప్పంత బుడిపె ఉంది. ఆ తరువాత నుంచి, పాదుకు బాగా నీళ్లు పెట్టిన మరునాడు పని మొదలుపెట్టి, ఒక చేత్తో కొమ్మ మొదలు పట్టుకుని, రెండో చేత్తో కొసను మెల్లగా దించి, మొదటి విడతలో ఏటవాలుగా మాత్రమే కట్టి, వారం పది రోజులకొకసారి ఇంకాస్త దించుతూ వస్తున్నాను. పూర్తిగా నేలకు సమాంతరంగా రాకపోయినా ఫరవాలేదు. కొమ్మలన్నీ విసనకర్ర పుల్లల్లా ఇరువైపులా విచ్చుకుని, వాటిలో ఒకటి రెండు నేలకు రెండడుగుల ఎత్తులోనే పక్కకు సాగితే, మీరు బాధపడుతున్న ఆ కింది ఖాళీ నిండుతుంది.

తీగ అని పిలుస్తాం కానీ దీనికి చుట్టుకునే నులితీగలు ఉండవు, గోడను పట్టుకునే వేళ్లూ ఉండవు. అడవిలోనైతే ముళ్లను కొక్కేల్లా పక్క పొదలకు తగిలించి పైకి పోతుంది, గోడ మీద దానికి తగిలించుకోవడానికి ఏమీ దొరకదు. కాబట్టి ఆధారం మనమే ఇవ్వాలి. గోడకు మేకులు దిగ్గొట్టి, ఒకటిన్నర అడుగు ఎడంతో అడ్డంగా గట్టి తీగలు లాగితే సరిపోతుంది, అవి గోడకు ఆనకుండా నాలుగు అంగుళాలు ఎడంగా ఉండాలి. కొమ్మను ఆ తీగల వెనక నుంచి దూర్చకుండా ముందు వైపు నుంచే కట్టండి, లేకపోతే ముదిరాక దాన్ని బయటికి తీయడం మీ తరం కాదు. ఇనుప తీగతో కొమ్మను కట్టవద్దు, కొమ్మ లావెక్కే కొద్దీ బెరడు కోసుకుపోతుంది. పాత నూలు గుడ్డ పీలికలను ఎనిమిది అంకె ఆకారంలో, అంటే ఒక మడత కొమ్మ చుట్టూ, ఒక మడత ఆధారం చుట్టూ వచ్చేలా, వేలు దూరేంత వదులుగా కడితే చాలు.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం చూసుకోండి. ఇప్పుడు చిటారున పూస్తున్నవి మీరు నాటిననాటి పూలేనా? అంటు గులాబీలలో అంటుకు కింది నుంచి లేచే పిలకలు అసలు మొక్కను మింగేసి తామే పైకి పాకడం కద్దు. పువ్వు రంగు, రేకుల వరుస మారిపోయినా, ఆకుల తీరు వేరుగా కనిపించినా ఆ కొమ్మ పుట్టిన చోటు దాకా మట్టి తీసి, అంటుకు కింద పుట్టిందని తేలితే మొదలంటా పీకేయాలి. పైపైన కత్తిరిస్తే రెట్టింపు లేస్తాయి.

రకం పేరు తెలిస్తే అదీ చూసుకోండి, ఎందుకంటే కొన్ని ఏడాదికి ఒక్కసారే పూస్తాయి, వాటి నుంచి పూత పూతకూ విరామమిచ్చి పూయడం ఆశించకూడదు. 1901 నాటి ‘డొరొతీ పెర్కిన్స్’ అలాంటిదే. మా ‘న్యూ డాన్’ కథ ఇక్కడ చెప్పదగ్గది. 1910లో వచ్చిన ‘డాక్టర్ డబ్ల్యు. వాన్ ఫ్లీట్’ అనే ఒక్క పూత రకంలో దానంతటదే వచ్చిన మార్పు వల్ల మళ్లీ మళ్లీ పూసే కొమ్మ ఒకటి పుట్టింది, దాన్నే 1930లో ‘న్యూ డాన్’ పేరుతో విడుదల చేశారు. 1931లో అమెరికాలో ఒక మొక్కకు దక్కిన మొట్టమొదటి పేటెంటు దీనిదే. పిల్లలు తిరిగే దారి పక్కన ముళ్లు వద్దనుకునేవారికి 1868 నాటి ‘జెఫిరీన్ డ్రూఆన్’ ఉంది, ముదురు గులాబీ రంగు, మంచి వాసన, ముళ్లు దాదాపు ఉండవు, కానీ నల్లమచ్చ తెగులుకు అది చప్పున లొంగుతుంది. నేనైతే ముళ్లనే భరిస్తాను.

తెగులు మాట వచ్చింది కనుక నా ఇంకో తప్పు కూడా చెబుతాను. సాయంత్రం పూట గొట్టంతో ఆకుల మీద నీళ్లు చల్లడం నాకు మహా సరదాగా ఉండేది. నల్లమచ్చ తెగులు బీజాలు మొలకెత్తి ఆకులోకి దిగడానికి ఆకు కనీసం ఏడు గంటలు తడిగా ఉండాలి, సాయంత్రం తడిపిన ఆకు తెల్లవార్లూ తడిగానే ఉంటుంది కనుక ఆ అవకాశం నేనే చేతికిచ్చాను. ఇప్పుడు పొద్దున్నే, పాదులోకి మాత్రమే పోస్తున్నాను, రాలిన మచ్చల ఆకులను ఏరి పారేస్తున్నాను. బూడిద తెగులు దీనికి భిన్నం, దానికి ఆకు తడి అక్కరలేదు, వేళ్లు ఎండి కొమ్మల మధ్య గాలి ఆడనప్పుడు వస్తుంది. గోడ మొదట్లో వాన నీరు సరిగా పడదు, అక్కడి మట్టి తోటంతటికంటే ముందే ఎండిపోతుంది, అందుకే మొక్కను గోడకు ఒకటిన్నర అడుగు దూరంలో నాటి, గోడ వైపుకు వంచాలంటారు. మీది ఇప్పటికే గోడకు ఆని ఉంటే కదపనక్కరలేదు, పాదును ముందుకు వెడల్పు చేసి ఎండుటాకులు పరచి తేమ నిలబెట్టండి.

ఎరువు విషయంలో చెప్పేది తక్కువ. రోజుకు ఆరు గంటల ఎండ తగులుతూ ఉంటే, చివికిన పశువుల ఎరువు ఏడాదికి రెండుసార్లు చాలు. పూలు రావడం లేదని యూరియా గుప్పిస్తే ఆకులే వస్తాయి.

కత్తెరకు అసలు పనే లేదని కాదు. వాడిన పూల గుత్తులను మొదటి నిండు ఆకు వరకు తుంచుతూ ఉండాలి. పూత పూర్తయ్యాక, మళ్లీ మళ్లీ పూసే రకాల్లో పక్క రెమ్మలను రెండు మూడు కణుపులు మిగిల్చి కత్తిరించాలి. మొక్క బాగా ముదిరాక ఏటా అన్నింటికంటే పాత కొమ్మను ఒక్కదాన్ని మొదలు దగ్గర తీసేస్తే దాని చోట కొత్తది లేస్తుంది. మీ మొక్కకు మూడేళ్లే కనుక ఈ ఏడు ఆ పని అక్కరలేదు, ఎండిన పుల్లలుంటే తీసేసి, మిగిలిన కొమ్మలన్నింటినీ వంచి కట్టండి.