కాయలు ఏరితే పోయే చెట్టు కాదది

ప్రశ్న: దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కు మీద ఒక వీడియో చూశాను. ఏనుగులు పెద్ద పెద్ద మరూలా చెట్లని తోసి పడేస్తున్నాయి. పార్కు బయట ఊళ్లవాళ్లేమో అదే చెట్టు కాయల్ని బస్తాలకెత్తుతున్నారు, కట్టెలు కూడా కొడుతున్నారు. విత్తనాలన్నీ మనుషులే పట్టుకుపోతే కొత్త చెట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? ముందు కాయల సేకరణ ఆపాలా, ఏనుగుల్ని తగ్గించాలా?

జవాబు: మీకొచ్చిన అనుమానమే నాకూ మొదట్లో వచ్చింది. కాయ పోతే విత్తనం పోతుంది, విత్తనం పోతే చెట్టు పోతుంది అనుకుంటాం కదా. ఏడాదికో పంట ఇచ్చి చచ్చిపోయే మొక్కకైతే ఈ లెక్క సరిపోతుంది, దశాబ్దాల పాటు బతికి ఏటా వేల కాయలు రాల్చే చెట్టుకి సరిపోదు. మరూలాలో ఆడ చెట్లు వేరు, మగ చెట్లు వేరు. ఒక ఆడ చెట్టు తన జీవితకాలం మొత్తంలో ఒక ఆడ, ఒక మగ, అంటే రెండే రెండు చెట్లని పెద్దవి చేయగలిగితే ఆ జాతి సంఖ్య తగ్గదు. మిగతా కాయలన్నీ ఎలాగూ ఎవరో ఒకరు తినాల్సినవే.

మరూలా మామిడి కుటుంబానికి చెందిన చెట్టు. కాయ పచ్చిగా ఉండగానే రాలిపోయి నేల మీద పండుతుంది, కాబట్టి కాయలు ఏరే ఊళ్ల ఆడవాళ్లు కొమ్మ విరవక్కర్లేదు, చెట్టెక్కక్కర్లేదు, కింద పడినవి ఏరుకుంటే చాలు. లోపల రాయిలాంటి టెంక, అందులో రెండో మూడో గదులు, ఒక్కో గదికీ చిన్న బిరడాలాంటి మూత. ఏనుగు ఆ కాయని మింగితే టెంక దాని కడుపులోంచి వచ్చేసరికి ఈ మూత వదులవుతుంది, పేడలో పడ్డ గింజ సులువుగా మొలుస్తుంది. మీరు వీడియోలో చూసిన ఏనుగే ఈ చెట్టుకి విత్తనాలు నాటే జంతువు కూడా, ఇది మాత్రం మర్చిపోకండి.

మొలవడం కష్టం కాదు, పెరగడమే కష్టం. మోకాలెత్తు మొక్కని ఇంపాలా జింకలు కొరికేస్తాయి, వాటిని తప్పించుకున్నదాన్ని ఎండాకాలం గడ్డి మంటలు కాల్చేస్తాయి. వేరు చావదు, మళ్లీ చిగురేస్తుంది, మళ్లీ కాలుతుంది, ఇలా ఏళ్ల తరబడి మోకాలెత్తు దగ్గరే ఉండిపోయే మొక్కలు ఎన్నో. వరసగా కొన్నేళ్లు మంటలు రాకపోతేనో, జింకలు తగ్గితేనో కొన్ని ఒక్కసారిగా పైకి లేస్తాయి. అంటే కొరత విత్తనాల దగ్గర లేదు. నేల మీద ఇంకో బస్తా కాయలు వదిలేసినా ఆ జింకలూ ఆ మంటలే ఎదురొస్తాయి.

ఇప్పుడు పెద్ద చెట్టు సంగతి. ఏనుగు దంతాన్ని బెరడు కిందికి గుచ్చి పైకి లేపుతుంది, లేచిన అంచుని తొండంతో పట్టుకుని లాగుతుంది, బెరడు పట్టీలా ఊడి వచ్చేస్తుంది. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకి దిగేది ఆ లోపలి బెరడు గుండానే. ఒక పక్క ఊడితే చెట్టు తట్టుకుంటుంది, గాయం మెల్లగా మూసుకుంటుంది. చుట్టూ ఊడితే వేళ్లు ఆకలితో చస్తాయి. గాయం మూసుకోకముందే తొలిచే పురుగులు చేరితే, ఆపైన గడ్డి మంట అదే చోట అంటుకుంటే, కాండం లోపలి నుంచి కాలిపోయి చెట్టు మధ్యకి విరుగుతుంది. అప్పుడు చెట్టుని చంపింది ఏనుగా, పురుగా, మంటా? మూడూ కలిసే. అలా పోయిన ఒక ఆడ చెట్టు స్థానంలోకి ఇంకోటి రావాలంటే దశాబ్దాలు పడుతుంది, అందుకే ఒక్క ఏడాది కాయల కన్నా పెద్ద చెట్టు ప్రాణం ఎన్నో రెట్లు విలువైనది.

మనుషుల సేకరణలోనూ ఇదే చూడండి, ఏం తీసుకుంటున్నారు అని. పండు తీసుకోవడం వేరు, పచ్చి కాండం నరకడం వేరు, చుట్టూ బెరడు ఒలవడం వేరు. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ దేశంలో ఎండాకాలం మేత దొరక్క ఫులానీ తెగ పశువుల కాపరులు ఖాయా అనే పెద్ద చెట్ల కొమ్మలు నరికి ఆకు మేపుతారు, మందు కోసం దాని బెరడూ ఒలుస్తారు. ఏటా అలా కొట్టిన చెట్టు కాపు తగ్గిపోతుంది. లావాటి కాండం ఉండే బావోబాబ్ చెట్టు అయితే ఒలిచిన బెరడుని మళ్లీ పెంచుకోగలదు, అలాంటివి అరుదు.

ఏనుగుల్ని తగ్గించాలా అన్నారు. క్రూగర్‌లో 1967 నుంచి 1994 దాకా అదే చేశారు, ఏటా కొన్నిటిని చంపి సంఖ్యని 7,000 దగ్గర ఉంచారు. ఆ కాలంలో కూడా పెద్ద చెట్లు తగ్గుతూనే వచ్చాయి. చంపడం ఆపాక ఏనుగులు 20,000 దాటాయి, చెట్ల మీద ఒత్తిడి పెరిగిన మాట నిజం, దాన్ని నేను తక్కువ చేసి చెప్పను. కానీ తలలు లెక్కపెడితే సరిపోదు, అవి ఎక్కడ ఎంతకాలం నిలుస్తున్నాయో చూడాలి. పార్కు నిండా బోర్లు వేసి ఏడాది పొడుగునా నీళ్లు పెడితే ఏనుగులు, ఇంపాలాలు రెండూ అక్కడే ఉండిపోతాయి, పెద్ద చెట్టుకీ విరామం లేదు, పిల్ల మొక్కకీ లేదు. అందుకే క్రూగర్‌లో ఆ బోర్లని చాలావరకు మూసేశారు. నాకు ఇదే సరైన దారి అనిపిస్తుంది, ఫలితం కనపడటానికి టైమ్ పట్టినా సరే.

ఇంకో మాట. చెట్ల సంఖ్య తగ్గలేదని ఎవరైనా రిపోర్టు ఇస్తే వెంటనే సంతోషించకండి. అక్కడే పెరిగే మొపానే అనే చెట్లని ఏనుగులు పదే పదే విరిచినా అవి చావవు, మనిషెత్తు పొదల్లా మళ్లీ చిగురుస్తాయి. లెక్కలో అవన్నీ చెట్లే, రాబందు గూడు కట్టుకునే ఎత్తు మాత్రం ఒక్కదానికీ ఉండదు. అందుకే ఎన్ని ఉన్నాయి అని కాదు, మోకాలెత్తువి ఎన్ని, మనిషెత్తువి ఎన్ని, మంటకీ తొండానికీ అందనంత పెద్దవి ఎన్ని అని విడివిడిగా అడగండి. మధ్య వయసు చెట్లు కనపడకపోతే, పైకి ఎంత పచ్చగా ఉన్నా అది పిల్లలు లేని ఊరు లాంటిదే.

ఈలోగా మిగిలిన పెద్ద చెట్లని కాపాడాలంటే కాండానికి ఇనుప వల చుడుతున్నారు. బెరడు ఒలవడాన్ని అది బాగా ఆపుతుంది, చెట్టుని తోసేయడాన్ని మాత్రం ఆపలేదు. కొన్నిచోట్ల కొమ్మలకి తేనెటీగల పెట్టెలు వేలాడదీస్తున్నారు, ఆ ఈగల రొద వింటే ఏనుగు వెనక్కి తగ్గుతుంది. చెట్టు నిలుస్తుంది, తేనె వస్తుంది, కింద రాలిన కాయలు ఆ ఆడవాళ్లు ఏరుకోవచ్చు.