అలిపిరి తనిఖీలో ఫోను కూడా తెరిచి చూపించాలా?

బ్యాగు వేరు, ఫోను వేరు. మద్యం, మాంసం, సిగరెట్లు తిరుమల కొండపైకి వెళ్లకూడదు కాబట్టి సామాను తనిఖీ అందరికీ ఉంటుంది. పైగా 2003 అక్టోబరు 1న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి కాన్వాయ్‌పై మందుపాతరలు పేల్చింది అలిపిరి దగ్గరే. ఆ వరుసలో నిలబడటం నాకు విసుగే గాని, అభ్యంతరం లేదు.

ఫోను సంగతి అలా కాదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది. దానిలో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సక్రమమైన అవసరం ఉండాలి, చర్య ఆ అవసరాన్ని మించకూడదు. ఏ కేసూ లేకుండా వాట్సాప్ సందేశాలు చదవడం ఈ పరీక్షకు నిలవదని నా అభిప్రాయం. కేసు దర్యాప్తులోనైతే పోలీసులు ఫోను స్వాధీనం చేసుకోవచ్చు. అప్పుడు గొడవపడకుండా స్వాధీన పత్రం ప్రతి అడగండి.