డాక్టర్ సలహా: నాన్నగారి అరుపు నొప్పి వల్లేమో చూడండి

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా నాన్నగారికి 81 ఏళ్లు, డిమెన్షియా (మతిమరుపు జబ్బు). ఇంటి దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో ఉన్నారు. ఒకప్పుడు ఇంగ్లిష్ బాగానే మాట్లాడేవారు, ఇప్పుడు తెలుగు తప్ప రావడం లేదు. రాత్రిళ్లు అరుస్తున్నారని ఏదో మందు మొదలుపెడతామంటున్నారు. గట్టిగా అడిగితే ఆయన్ని సరిగా చూడరేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: ఆయన అరిచేది ఏమని? ‘అమ్మా’ అనేనా? నొప్పి పుడితే ఏ వయసులోనైనా మన నోట వచ్చే మాట అదే. దాని అర్థం ‘తల్లి’ అని మాత్రమే తెలిసిన నర్సుకు, ఎనభై ఏళ్ల మనిషి పోయిన తల్లిని పిలుస్తున్నాడనిపిస్తుంది. నొప్పి కాస్తా మతిభ్రమగా ఫైల్లోకి ఎక్కుతుంది. సరేనని మనం తల అటూ ఇటూ ఊపినా వాళ్లకు వద్దన్నట్టే ఉంటుంది.

డిమెన్షియాలో తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి, చిన్ననాటి భాష మిగలడం మామూలే. మొండితనం అనుకోవద్దు.

మందుకు ముందు కీళ్ల నొప్పులు, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, ఇన్ఫెక్షన్ ఉన్నాయేమో చూడమనండి. వినికిడి మిషన్, కళ్లద్దాలు ఆయన దగ్గరున్నాయా, డ్రాయర్‌లో ఉన్నాయా? మందు పేరు అడగండి. యాంటీసైకోటిక్ (భ్రాంతుల లాంటి తీవ్ర మానసిక లక్షణాలకు వాడే మందు) అయితే, డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణ ముప్పు పెంచుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. అసలు వాడకూడదని కాదు. ఎందుకు, ఎంత మోతాదు, ఎప్పుడు తగ్గిస్తారు అన్నవి తేలాలి. ఇప్పటికే మొదలై ఉంటే డాక్టర్‌ని అడగకుండా ఆపించకండి.

ఇక మీ భయం. మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య బీమా పథకాల డబ్బు తీసుకునే నర్సింగ్ హోమ్‌లకు 1987 నుంచీ ప్రత్యేక చట్టం ఉంది. దాని ప్రకారం ఆయన ఆరోగ్యం, చికిత్స సంగతులు ఆయనకు అర్థమయ్యే భాషలోనే చెప్పాలి. ఆయన్ని ఎలా చూసుకోవాలో తేల్చే కేర్ ప్లాన్ మీటింగ్‌లో ఆయనా, ఆయన కోరిన కుటుంబసభ్యులూ కూర్చోవచ్చు. మామూలుగా మూడు నెలలకోసారి సమీక్ష ఉంటుంది, ఇలాంటప్పుడు ముందే పెట్టమనండి. తెలుగు దుబాసీని ఫోన్‌లోనైనా ఉచితంగా ఏర్పాటు చేయమనండి. ప్రతిసారీ మీరే అనువదించకండి. కూతురి ముందు మూత్రం సంగతి చెప్పడానికి ఏ తండ్రికైనా సిగ్గే. ఇంత అడిగినా కదలకపోతే నర్సింగ్ హోమ్‌లలో ఉండేవారి ఫిర్యాదులు చూసే రాష్ట్ర ఆంబుడ్స్‌మన్‌కు చెప్పొచ్చు. ఖర్చు లేదు, మీ అనుమతి లేకుండా మీ పేరు బయటపెట్టరు.

దాహం, నొప్పి, బాత్రూమ్, చలి - ఈ తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, పక్కన అర్థం పెట్టి మంచం దగ్గర అంటించండి. ‘అమ్మా అంటే నొప్పి కావచ్చు’ అని పైనే రాయండి.

ఆయన కాదనకపోతే ఏ వేళలోనైనా మీరు వెళ్లవచ్చు. ఈ వారం ఒక రాత్రి ఆయన పక్కన కూర్చుని ఏమంటున్నారో, ఎక్కడ చెయ్యి పెట్టుకుంటున్నారో చూసి, టైముతో సహా రాసి నర్సుకివ్వండి.