తైవాన్ నూడుల్స్ కొట్టులో ఏం చేయాలి, ఎలా అడగాలి?

తైవాన్ రాజధాని తైపేలోని మామూలు నూడుల్స్ కొట్లలో ఎవరో వచ్చి అడుగుతారని కూర్చోకూడదు. చాలాచోట్ల బల్లమీదో, కౌంటరు దగ్గరో ఉండే చీటీలో కావలసిన వంటకాల పక్కన గుర్తుపెట్టి, బల్ల నంబరు రాసి, మనమే ఇచ్చి రావాలి. అద్దాల అరలో ఉంచిన టోఫు, దోసకాయ, సముద్రపు నాచు వంటి చిన్న ప్లేట్లకు విడిగా డబ్బు తీసుకుంటారు. టిప్పు ఇచ్చే అలవాటు లేదు.

అక్కడ పేరుమోసినది గొడ్డుమాంసపు నూడుల్స్. సోయాసాస్‌తో ఎర్రగా మరిగించిన పులుసు ఒక రకం, తేట పులుసు మరొక రకం. ఊరవేసిన ఆవ ఆకు కలుపుకొంటే మొదటిదే రుచి అని నా అభిప్రాయం. అయితే ఆ మాంసం తినని మనవారు ముక్కలు వద్దని చెప్పినంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే పులుసు తరచుగా ఆ ఎముకలతో కాచినదే అయివుంటుంది. శాకాహారులు నేరుగా బౌద్ధ సంప్రదాయ శాకాహారశాలలకు వెళ్లడం మేలు. వాటిలో చాలావరకు ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు.