వాన చూడకుండా గీత గీయించకు

చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. సకలేశపుర దగ్గర కొన్న స్థలానికి కన్వర్షన్, అదే సాగు భూమిని ఇంటి స్థలంగా మార్పించడం, అయిపోయిందని, ఇక రాయితో కర్రతో ఇల్లు మొదలుపెడతామని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. మేం చిక్కమగళూరు వైపు కొండ మీద ఇల్లు కట్టి పద్నాలుగేళ్లయింది. కట్టేటప్పుడు నేర్చుకున్నది కొంత, కట్టాక ఏటా వానాకాలం నేర్పింది కొంత. బెంగళూరులో ఈ మల్లేశ్వరం ఫ్లాట్‌లో కూర్చుని తీరిగ్గా రాస్తున్నాను, మీ ఆయనకీ చదివి వినిపించు.

ఆర్కిటెక్ట్‌కి పంపానన్న ఫొటోలు నాకూ పంపావు కదా, అన్నీ చూశాను. చాలావరకు మంచు కురిసే దేశాల ఇళ్లు. అక్కడ దుంగలతో గోడ కట్టినా చెల్లుతుంది. మన పడమటి కనుమల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గోడకి ఆరే సందే దొరకదు. హిమాచల్‌లో కాఠ్ కుణి అని పాత పద్ధతి ఒకటుంది. ఒక వరస దేవదారు దూలాలు, ఒక వరస రాళ్లు, మధ్యలో సున్నం గానీ సిమెంటు గానీ ఉండదు. భూమి కంపిస్తే గోడ కాస్త కదిలి మళ్లీ సర్దుకుంటుంది. చాలా తెలివైన కట్టడం, కానీ అది ఆ కొండల భయానికీ ఆ కొండల చెట్టుకీ పుట్టింది. తక్కువ ఖర్చు ఇళ్లకి పేరుపొందిన ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళకి రాకముందు పిథోరాగఢ్ కొండల్లో చాలా ఏళ్లు ఉన్నారు. అక్కడివాళ్లు చుట్టుపక్కల దొరికే రాయీ కర్రలతో ఎలా కట్టుకుంటున్నారో చూసి ఆయన నేర్చుకున్నారు. మీ స్థలం చుట్టూ ఉన్న పాత ఎస్టేట్ ఇళ్లు నాలుగు చూడు. వాటి చూరు ఎంత ముందుకి వచ్చిందో, అరుగు ఎంత ఎత్తుందో కొలిచి రాసుకో. ఫొటోల కంటే ఆ కాగితమే ఆర్కిటెక్ట్‌కి ఎక్కువ పనికొస్తుంది.

మీ ఆర్కిటెక్ట్‌ని ఆషాఢంలో స్థలానికి తీసుకెళ్లు. ఈ ఉత్తరంలో ఇంకేది మర్చిపోయినా ఇది మర్చిపోకు. మా ఆర్కిటెక్ట్ గారు మొదట జనవరిలో వచ్చారు. లేత ఎండ, ఎదురుగా లోయ. ఇల్లు ఎక్కడ రావాలో పది నిమిషాల్లో తేలిపోయింది. మీ పెదనాన్న పట్టుబట్టి జులైలో మళ్లీ తీసుకెళ్లారు. గొడుగులు పట్టుకుని అదే చోట నిలబడ్డాం. పైకి మామూలు గడ్డే, కానీ కాళ్ల కింద ఎక్కడో నీళ్ల చప్పుడు. ఆర్కిటెక్ట్ గారు వంగి గడ్డిని చేత్తో పక్కకి తీశారు. గడ్డి వేళ్ల మధ్య నుంచి జానెడు వెడల్పున ఎర్రటి నీళ్లు పరుగెడుతున్నాయి. ఆ ధార పట్టుకుని పైకి నడిస్తే పనస చెట్టు మొదట్లో తేలింది. జనవరి ప్లాన్ ప్రకారం అది సరిగ్గా మా పడకగదిలోంచి పోవాలి. ఆయన ఏమీ అనలేదు, టేపు తీసి కొలవడం మొదలుపెట్టారు. ఇల్లు ఇరవై అడుగులు పక్కకి జరిగింది. ఆ ధార ఇప్పటికీ ప్రతి వానాకాలం అక్కడే పారుతోంది.

కొండని జేసీబీతో చదును చేయించి దాని మీద ఇల్లు పెడదామని ఎవరన్నా ఒప్పుకోకు. 2018 ఆగస్టులో కొడగులో కొండలు జారినప్పుడు మనమందరం టీవీల ముందు కూర్చుని చూశాం. ఇల్లే వాలుని బట్టి మెట్లు మెట్లుగా దిగాలి. ఒక గది నుంచి ఇంకో గదికి మూడు మెట్లు ఉంటే పరవాలేదు. ఎక్కడైనా మట్టిని ఆపే గోడ తప్పకపోతే, దాని వెనక కంకర నింపి, నీళ్లు బయటికి పోవడానికి కంతలు వదిలారా లేదా నువ్వే దగ్గరుండి చూసుకో. కంతలు లేని గోడ వెనక నీళ్లు చేరి గోడనే తోసేస్తాయి.

ఇక ఆర్కిటెక్ట్ సంగతి. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లకే ఆ పేరు పెట్టుకునే హక్కు, 1972 నాటి చట్టమే ఉంది. నంబరు అడిగితే తప్పుగా అనుకోరు. ఫీజు దశలవారీగా రాసుకోండి, సైట్‌కి ఎన్నిసార్లు వస్తారో కూడా అందులో రాయించు. త్రీడీ బొమ్మలు చూసి మురిసిపోకు. రాయీ కర్రా కలిసే ప్రతిచోటా పెద్ద స్కేలులో విడిగా డ్రాయింగ్ గీసిమ్మని అడుగు. కిటికీ ఫ్రేమ్ గోడలో కూర్చునే చోటు, దూలం గోడ మీద ఆనే చోటు, స్తంభం నేలని తాకే చోటు. ఇల్లు పాడవడం ఇక్కడే మొదలవుతుంది.

ఇది మా ఇంట్లోనే జరిగింది. వరండా స్తంభాల కింద అడుగు ఎత్తు రాతి దిమ్మెలు రావాలని ఆర్కిటెక్ట్ గారు గీశారు. స్తంభం నేలలోంచి లేచినట్టు ఉంటేనే అందమని మేస్త్రీ అన్నాడు. నాకూ నచ్చింది. ఆ రోజు కొండ మీద సిగ్నల్ లేదు, ఆయన్ని అడక్కుండానే సరేనన్నాను. మూడో వానాకాలం తర్వాత ఊడుస్తుంటే స్తంభం మొదలు నల్లగా కనిపించింది. బొటనవేలితో నొక్కాను. నానిన అటుకుల్లా లోపలికి దిగిపోయింది. కర్ర కోసిన కొస నీళ్లని పీల్చుకుంటుంది, అందుకే దాన్ని నేలకి తాకనివ్వకూడదు. జాకీలు పెట్టి కప్పు ఎత్తి, ఆరు స్తంభాల మొదళ్లు కోసి, మొదట గీసిన దిమ్మెలే పెట్టించాం. మేస్త్రీతో ఎంత చనువున్నా, ఆర్కిటెక్ట్‌కి చెప్పకుండా ఏదీ మార్చకు.

రాయి దూరం నుంచి తెప్పించకు. దగ్గర్లో లైసెన్సు ఉన్న క్వారీ చూడండి. నిజమైన రాతి గోడ అడుగున్నర మందం ఉంటుంది, రెండు పక్కలా కలిపి గదిలో మూడడుగులు పోతాయి. అది లెక్కలో పెట్టుకునే గదుల కొలతలు చెప్పు. మా రాతి మేస్త్రీ కోలారు వైపు మనిషి, ఇంట్లో తెలుగే మాట్లాడేవాడు. గోడకి రెండు ముఖాలుంటాయమ్మా, రెంటినీ కట్టేసే రాయి లేకపోతే పొట్ట ఉబ్బి విడిపోతాయి అనేవాడు. ఇంజనీర్లు చెప్పేదీ అదే: గోడ మందమంతా ఉండే పొడుగు రాయి ఎత్తులో రెండడుగులకొకటి, అడ్డంగా నాలుగడుగులకొకటి పడాలి. కట్టేటప్పుడు సున్నంతో గుర్తు పెట్టించి లెక్కపెట్టుకో. గోడ లేచాక ఎవరూ చూడలేరు.

కర్ర విషయంలో చేవ ఒక్కటే చూడు. టేకైనా, వేగిసైనా, నల్లమద్దైనా, బెరడు పక్కనుండే తెల్ల చెక్కకి చెదలు పడతాయి. మైసూరు రోడ్డు టింబర్ యార్డుల్లో పాత ఇళ్లు పడగొట్టిన దూలాలు దొరికితే వదలకు, అవి ఎప్పుడో ఆరి కుదురుకున్న కర్ర. ఏ జాతో అనుమానం వస్తే, ఈ మల్లేశ్వరం ఫ్లాట్‌కి దగ్గర్లో 18వ క్రాస్‌లో వుడ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ముక్క ఇస్తే పరీక్ష చేసి చెబుతారు. మీ స్థలంలో చెట్టు మీదే అయినా అనుమతి లేకుండా కొట్టించకండి, అటవీ శాఖని అడగాలి. పైన వార్నిష్ వద్దు, పొరలుగా లేస్తుంది. ఏటా వానలకి ముందు అవిసె నూనె పట్టించండి.

కప్పుకి మంగళూరు పెంకులు, వాలు బాగా ఎక్కువ, చూరు గోడ దాటి మూడడుగులకి తగ్గకుండా. కోతులు పెంకులు కదుపుతాయి కాబట్టి ఒక వంద ఎక్కువ కొని దాచుకోండి.

జులై రెండో వారంలో మీ ఆర్కిటెక్ట్‌కి తీరిక ఉందేమో కనుక్కో. నేనూ వస్తాను. రెండు జతల బట్టలు, గట్టి బూట్లు తెచ్చుకో. జలగలకి ఉప్పు మూట నేను తెస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ